పదిహేడో జాడ

కంటైనర్ తలుపు తీస్తే నా దుకాణం,
మూస్తే దలన్‌జద్గద్ గాలి.
ఆ ఉదయం గాలిని వెంటేసుకుని వచ్చింది
ఒయున్‌గెరెల్, పశువుల డాక్టరు,
ఇరవై రెండేళ్ల జపాను బండి తోలుకుంటూ.

"దీనికి గోబీ తెలీదు" అంది,
డాష్‌బోర్డు మీద ఒక్కటిచ్చి.
నిజమే. తాళం తిప్పితే తెర వెలుగుతుంది,
ఒక ఆడగొంతు మర్యాదగా ఏదో చెబుతుంది
మా ఇద్దరికీ రాని భాషలో.
ఆ తర్వాత అంతా బూడిదరంగు.
నడిమధ్యన ఒక బాణం గుర్తు,
వడ్డించని విస్తరి మీద వాలిన ఈగలా.

మూడు వేసవులు ఫోన్లో కూడబెట్టింది
తన చక్రాలు పోయిన దారులన్నీ:
గొర్రెలకు టీకాలంటూ పోయినవి,
అడ్డం తిరిగిన ఒంటెపిల్ల కోసం అర్ధరాత్రి పోయినవి.
ఇక్కడ రోడ్డంటే ఒకటి కాదు.
ఒక గాడి బురదైతే పక్కన ఇంకో గాడి,
అదీ చెడితే మరోటి,
జడ విప్పితే విడిపోయిన పాయల్లా పది, పదిహేను,
కొండ మలుపులో మళ్లీ అల్లుకుంటాయి.
ఏ పాయ ఈ ఏడు బతికుందో
తోలినవాళ్లకే తెలుసు.

సీటు కింద సూది మూతలు, రాయిలా ఎండిన పెరుగుముక్క.
డాష్‌బోర్డు ఊడదీసి వెనక చిన్న పెట్టె బిగించాను.
గోరంత కార్డులోకి పదిహేడు జాడలు ఎక్కాలి.
ఆరు ఎక్కనంటే ఎక్కనన్నాయి.
పేర్లలో మా అక్షరాలుంటే పెట్టె మొరాయిస్తుంది.
'ఎర్రకొండ గొంతు', 'ముసలి ఒంటె మోకాలు',
'డోర్జ్ టైరు పేలిన చోటు',
అన్నీ కొట్టేసి ఒకటి, రెండు, మూడు అని పెట్టాను.
మంద చెవులకు నంబరు బిళ్లలు కుట్టినట్టయింది.
ఆమెకది రోజూ ఉండే పనే, నవ్వింది.

అప్పుడు బూడిద మీద నారింజరంగులో సన్నగా
గీతలు మొలిచాయి.
"ఇదిగో, ఇక్కడ జూన్లో దిగబడ్డాను, రెండు రోజులు.
తాగడానికి టీకాల పెట్టెలో కరిగిన ఐసు."
వేలు గీత వెంట పోతూ పోతూ
పదిహేడో దగ్గర ఆగింది.
రాళ్ల మధ్య ఒక చుక్కలో ముగిసే గీత.

"ఇది వద్దు."
"ఎక్కడా తెగలేదు, అన్నిట్లోకీ ఇదే శుభ్రంగా ఉంది" అన్నాను.
"అక్కడ ఊట ఉంది. తెల్లవారకుండానే
అడవి గాడిదలు నీళ్లకొస్తాయి.
లువ్సన్‌దగ్వ గారు గుర్రం మీద ముందుపోతూ చూపించారు.
జేబులో ఫోను ఆపడం మర్చిపోయాను.
తిరిగొచ్చేటప్పుడు ఆయనే అన్నారు,
'నీ కళ్లకు చూపించానమ్మా, నీ డబ్బాకు కాదు' అని."

అబద్ధమెందుకు, అప్పటికే
ఆ కార్డును ఇంకో నలుగురికి కాపీ కొట్టి అమ్మొచ్చని
లోపల్లోపల లెక్క కట్టుకుంటున్నాను.
టూరు జీపులవాళ్లు ఒక్కో జాడకు ఐదువేల తుగ్రుగులిస్తారు.
వేటకొచ్చేవాళ్లు బేరమే ఆడరు.

కార్డులోంచి చెరిపాను.
"కంప్యూటర్లోంచి కూడా" అంది.
చెరిపేదాకా నా భుజం వెనకే నిలబడింది.
ఫోన్లోది తనే చెరుపుకుంది.

అంతా అయ్యాక పాత తెర మూలన
ఒక బుల్లి ఇల్లు బొమ్మ కనిపించింది.
ఈ బండి మొదటి యజమాని ఎవరో
ఎప్పుడో దాచుకున్న చిరునామా.
నొక్కితే రెండువేల తొమ్మిదివందల చిల్లర కిలోమీటర్లు,
మధ్యలో ఒక సముద్రం.
"ఇదీ తీసేయనా?"
కాసేపు చూసింది.
"ఉండనీ. చోటేం తింటుంది?
ఎవరైనా అడిగితే బండి క్షేమమని చెబుదాం."

పోయింది. సగం డబ్బులిచ్చి, సగం మేక మాంసం బాకీ పెట్టి.
తనకు తెలిసిన గాడిలోకే దిగింది,
కొత్త తెర వైపు చూడనైనా చూడకుండా.

రాత్రి గాలి రేకుల మీద ఇసుక జల్లుతోంది.
కళ్లు మూస్తే నారింజరంగు గీత.
మొదటి మూడు మలుపులూ గుర్తున్నాయి.
నాలుగోది గుర్తురాకముందే
లేచి టీ పెట్టుకున్నాను.