సుద్ద మీద మరక

మిర్యాలగూడ, సాగర్ రోడ్డు.
ఉప్పుడు బియ్యం మిల్లు వెనక వరుసల నాలుగో ట్యాంకు.
మే నెల. స్టీలు లోపట నేను.
పైన మ్యాన్‌హోలు, జొన్నరొట్టంత ఆకాశం.

"ఫ్యాను బందు పెట్టు సైదమ్మా," లతీఫ్ ఉస్తాద్ గొంతు.
ఫ్యాను గాలి ఇటు మళ్లితే ఆర్గాన్ చెదురుతది,
ఆర్గాన్ చెదిరితే కుట్టు జల్లెడైతది.
పోయిన వారం మూరెడు కుట్టు గట్లనే పోయింది.
రుబ్బిన పొడి ఇంక నా గోర్లల్లనే ఉంది.

టంగ్‌స్టన్ మొన పెన్సిలు లెక్క చెక్కిన.
మొనకాడ ఇరుకు, రేకు మీద వెడల్పు,
నడుమ రెండు మిల్లీమీటర్ల మంట.
ఇరుకుల నుంచి వెడల్పుకు ఉరుకుతది,
ఎడమ కాలువ తూము ఎత్తినట్టు.
నా అద్దానికి అది వెలుగు.
కరిగిన స్టీలుకు బరువు:
నడుమ దొప్ప పడ్తది,
అంచుకు చిన్న అల లేస్తది.

"వేడి లెక్క వేరే, తోపు లెక్క వేరే బిడ్డా.
కరెంటు రెండింతలైతే తోపు నాలుగింతలు.
ఊకె పెంచకు, పొడిచి చిల్లి పెడ్తది."
ఎనిమిదిల బడి బందు పెట్టిన మనిషి.
గీ లెక్క ఎవలు చెప్పిండ్రో అడగలే.
ఎనభై ఐదు కాడ నాబ్ ఆపిన.

ఆర్గాన్ ఎవ్వరితోని కలవదు.
రంగు లేదు, వాసన లేదు, చుట్టరికం లేదు.
గాలి కన్న బరువు,
మెల్లగ అడుక్కు దిగి
మడిమెల కాడికి, మోకాళ్ల కాడికి
సప్పుడు లేని నీళ్ల లెక్క నిండుతది.
కుట్టుకు గాలి తగలకుండ కాసేదే
నాకూ గాలి అందనియ్యదు.
అందుకే ఉస్తాద్ ఐదు నిమిషాలకోసారి
సుత్తెతోని ట్యాంకు కొడ్తడు. మూడు దెబ్బలు.
నేను మల్ల మూడు కొట్టాలె.
కొట్టకపోతే గుంజేతందుకు
నా నడుముకు తాడు.

పొద్దుమీకి బయట సుద్ద పూసినం, లోపట కిరోసిన్.
ముట్టియ్యని బీడీ ఉస్తాద్ చెవి మీదనే ఉంది.
ఊక కుప్ప మీదికెళ్లి దుమ్ము లేస్తుంటే
తెల్లటి గోడ దిక్కు చూసుకుంట కూసున్నం.
ఆరు మీటర్ల కుట్టు మీద
ఒక్కకాడ, కందిగింజంత మరక.

గుర్తుపట్టిన.
రెండోసారి సుత్తె మోగినప్పుడు
టార్చి ఎత్తి, జవాబు కొట్టిన జాగ.

ఉస్తాద్ దాన్ని తుడవలే.
బొగ్గుతోని చుట్టు గీత గీసిండు.
"రేపు రుబ్బుదాం," అన్నడు.
మెట్లు దిగుకుంట, ఇటు తిరగకుండనే,
"జవాబు మాత్రం ఆపకు."