తిప్పర్తి గేటు కాడ

మిర్యాలగూడల మిల్లర్ల ఫంక్షన్ హాలు.
స్టేజీ మీద మొన్నటి పెండ్లి థర్మకోల్ అక్షరాలు,
పెండ్లికొడుకు పేరు సగం ఊడింది.
ఐదో రౌండు. పదకొండో బల్ల.
ఎదురుంగ తొమ్మిదేండ్ల పిల్ల, మెహవిష్, హుజూర్‌నగర్ నుంచి.
కాళ్లు నేలకందక ఊగుతున్నయి.

ఇరువై రెండేండ్ల సంది నాదొక్కటే మొదలు:
మంత్రి ముందరి బంటు, రెండు గడులు.
డిపో రెస్ట్ రూముల బుగ్గయ్య నేర్పిండు
పోయిన పావుల జాగల సోడా మూతలు పెట్టి.
పిల్ల తన బంటు తెచ్చి
నా బంటు మొఖానికి మొఖం ఆనిచ్చింది.
గడియారం నెత్తిన ఒక్క గుద్దు.

నడుమ జరిగిందంతా చెప్పను.
గుర్రాలు గుర్రాలను తిన్నయి.
నా ఒంటె ఒకటి మూలకు కూసున్నది
డ్యూటీ పడని స్పేర్ డ్రైవర్ లెక్క.
నేను మంత్రి అంటే ఆ పిల్ల రాణి అంటది,
ఎవరైతేంది, ఇరువై మూడో ఎత్తుకు
ఇద్దరూ డబ్బాల పడ్డరు.

ఆఖరుకు మిగిలింది నలుగురు.
ఇద్దరు రాజులు,
పొద్దుగాల దిగిన ఆ రెండు బంట్లు,
ముక్కుకు ముక్కు, ఒక్క గడి జరగకుండ.
ఆమె రాజు నా బంటు పక్కన,
నా రాజు ఆమె బంటు పక్కన.
ఎవలు కదిలితే వాళ్లు ఓడుతరు.
వంతు నాది.

నా కొలువంతా రైట్ రైట్ అనుడే.
దిగే ముసల్దాని కాలు ఇంక మెట్టు మీదుండంగనే
రైట్.
ఇయ్యాల గడియారంల పదమూడు నిమిషాలున్నయి,
ఒక్క హాల్టు లేదు.
పదమూడూ చూసిన.
పిల్ల కాళ్లు ఊగుడు బంద్ చేసింది.
కిటికీ అవతల వాళ్ల అబ్బా, ఏం తెల్వక,
నీళ్ల సీసా ఎత్తి చూపించిండు.

రాజును ఒక గడి ఎనకకు తీసిన.
చెయ్యిచ్చిన. పెన్సిల్ పొట్టు వాసన చెయ్యి.
"ఎప్పుడు చూసినవ్ బిడ్డా ఇది?"
"మీరు ఏనుగులు మార్చుకున్నప్పుడే, తాతా."
నలభై తొమ్మిదే నాకు.

రాత్రి నల్లగొండ బస్సు.
జానిమియా డ్యూటీ, టికెటు అడగలే.
తిప్పర్తి కాడ గేటు పడ్డది.
డ్రైవర్ ఇంజను ఆపిండు.
సిమెంటు గూడ్సు, డబ్బా ఎనక డబ్బా, ఒడవది.
జానిమియా వాచీ చూస్తడు, గేటోన్ని తిడుతడు,
మళ్లా వాచీ చూస్తడు.
నేను కిటికీ ఊచకు తల ఆనిచ్చిన.
ఎవ్వల వంతూ కాదు.
పోనీ, ఇంకో నలభై డబ్బాలు.