గుర్రం నంబరు

పాఠంలో వాళ్ళకి దక్కింది ఒకటే వాక్యం:
'ఈ యుద్ధంలో భారతీయ సైనికులు కూడా పాల్గొన్నారు.'
ఆ 'కూడా' దగ్గర నా సుద్దముక్క విరిగింది.

తిరుమలగిరి సర్కారు బడి, ఎనిమిది బి,
అన్నాల తర్వాతి పీరియడు.
చేతులకింకా ఉడికిన గుడ్డు వాసన.
బోర్డు మీద సూయజ్ కాలువ గీస్తే
మూసీలా వంకర్లు పోయింది.
"నీళ్ళ కోసం అంత దూరం పోయి కొట్లాడిండ్రా సార్?"
నుస్రత్ అడిగింది.
వాళ్ళ గల్లీకి ట్యాంకర్ వారానికొక్కసారే.
ఓడలు నడిచే నీళ్ళమ్మా, తాగేవి కావు అన్నాను.
నమ్మలేదు.

శనివారం వరస కట్టించి
కంటోన్మెంటు సమాధుల తోటకి తీసుకెళ్ళాను.
"పాములుంటయ్ సారూ, పోరగాండ్లు పైలం,"
గేటు తీస్తూ కాపలా పోచాలు.
యుద్ధంలో పోయినవాళ్ళని వెతకండ్రా అన్నాను.
నోటుబుక్కుల్లో గళ్ళు గీసుకుని బయల్దేరారు.
కలరా. కలరా. జ్వరం. కలరా.
వడదెబ్బ.
పురిట్లో పోయిన ఒక సార్జెంటు భార్య,
పక్కనే పదకొండు రోజుల పసిది.
తూటాతో పోయినవాడు చివరికి ఒక్కడు దొరికాడు,
తన తుపాకీ తనే తుడుచుకుంటుంటే పేలిందట.
పిల్లలు నవ్వారు. నేను ఆపలేదు.
రాయి మీద వయసు చదివి వాళ్ళే ఆగారు.
పంతొమ్మిది.
ఆరోగ్యదాసు వాళ్ళన్నకి కూడా అంతే.

"మనోళ్ళ రాళ్ళేవి సార్?"

గడ్డి కోసినవాళ్ళు, తోలుతిత్తితో నీళ్ళు మోసినవాళ్ళు,
డోలీ పట్టినవాళ్ళు, రొట్టెలు కాల్చినవాళ్ళు.
చూపించడానికి ఏమీ లేక
గోడ అవతల రోడ్డు చూపించాను.
ఆ పూటకి అటు ఒక నీళ్ళ ట్యాంకరే పోతోంది.

సోమవారం ఐలేష్ బియ్యం సంచిలో చుట్టి
ఒక ఇనప సామాను తెచ్చాడు.
వాళ్ళ నాయనమ్మ చేపల పొలుసు గీకేది.
పళ్ళ సందున బొచ్చె పొలుసు ఒకటి మెరుస్తోంది.
"మా నాయనమ్మోళ్ళ తాతది సార్.
బొంబాయిల ఓడెక్కిండట.
వాపసు వచ్చింది ఇదొక్కటే."
తిరగేస్తే వెనక అచ్చు: నాలుగు వందల పదిహేడు.
క్లాసు క్లాసంతా మీద పడింది.
"తాత నంబరు! తాత నంబరు!"

చెప్పకుండా ఊరుకోవచ్చు. మాస్టర్ని కదా.
ఇది ఖరేరా రా, గుర్రం వీపు దువ్వేది.
నంబరు గుర్రానిది.
దాని దాణాకి లెక్కుంది, నాడాలకి లెక్కుంది,
చస్తే డెక్క కోసుకొచ్చి దఫ్తర్లో చూపాలి.
సైసులకి మాత్రం అందరికీ కలిపి ఒక అంకె,
అదీ వంట సామాను కింద.

ఐలేష్ పొలుసుని గోటితో ఊడదీశాడు.
"గుర్రానికైతే తాత గొంతు ఎరుకుంటది గద సార్."

వెనక బెంచీ నుంచి ఇంకొకడు:
"గెల్సింది మనమేనా?"
మనం అంటే ఎవర్రా అని అడగబోయాను,
ఆ ప్రశ్న వాడిది కాదని గుర్తొచ్చింది.
గంట కొట్టారు.
అంత పెద్ద మాట మీద అంత చిన్న గంట.

ఖరేరాని అద్దాల బీరువాలో పెడదామనుకున్నాను
గ్లోబు పక్కన, కింద ఒక చీటీ రాసి.
సాయంత్రమే నాయనమ్మ దిగింది.
"ఇంట్ల శాపలున్నయ్ సారూ, ఇయ్యి."
ఇస్తూ తాత పేరడిగాను.
కొంగుతో పళ్ళు తుడుస్తూ చెప్పింది,
"పెంటయ్య.
ముందు పుట్టినోళ్ళంత పోతుంటే
పెంట మీద పొర్లిచ్చి పెట్టిండ్రు,
సావు ముట్టకుండ."

ఆవిడ వెళ్ళాక
సూయజ్ గీత పక్కన ఆ పేరు రాశాను,
మిగిలిన సుద్దముక్క అరిగేదాకా, లావుగా.

మర్నాడు మొదటి పీరియడు లెక్కలు.