ఒడ్డు లెక్క

సముద్రం చూడాలని ఉండె.
రైలు టికెట్, లాడ్జి, తిండి,
జిరాక్స్ షాపుల పాడైన కాగితం వెనక
లెక్క వేసి చూస్తే
సముద్రం నాలుగు వేల ఆరు వందలు.
నా దగ్గర ఐదు వందలే.

ఐదు వందలకు గోదారి ఒడ్డు వస్తది.

హన్మకొండ నుంచి ఏటూరునాగారం నూట అరవై.
తిరుగు బస్సుకు నూట తొంభై
మడిచి, అంగీ లోపలి జేబుల పెట్టి పిన్నీసు కొట్టిన.
మిగిలింది నూట యాభై, మూడు రోజులు,
చెల్లె కాలేజీ బ్యాగు, ఒక దుప్పటి,
కాగితంల చుట్టిన ఆరు సర్వపిండి ముక్కలు.

రామన్నగూడెం ఘాటు మెట్ల మీద బూట్లు విప్పిన.
ఎండకాలం మొదలు. నది సన్నబడి
అవతలి గడ్డకు ఆనుకొని పోతున్నది
బాకీ ఉన్న చుట్టం లెక్క.
ఇవతలంతా ఇసుకే.
ఇసుకల నడుసుడంటే
రెండడుగులు వేసినప్పుడల్లా
ఒకటి వెనక్కి కట్టాలె, వడ్డీ.

కరకట్ట ఎక్కిన.
ఒక దిక్కు ఇసుక, ఒక దిక్కు మిరప తోట.
బోర్డు కంటే ముందు ఘాటే చెప్తది
ఊరొచ్చిందని.

పడవ నీడకు కూసొని వల అతుకుతున్న పోశాలు
"యాడికి?" అన్నడు.
మంగపేటకు.
"బస్సుంది గద."
నడుస్తున్న.
"మొక్కా?"
కాదు.
"పైసల్లేవా?"
ఉన్నయనలేను, లేవనలేను, నవ్విన.
వల పక్కకు జరిపి
సత్తు పళ్లెంల బువ్వ, జెల్ల పులుసు పెట్టిండు.
పుస్తకంల భోజనం అని రాసి
ఎదురుంగ గీత గీసిన.

కమలాపురం కాడ పొగ మానేసిన ఫ్యాక్టరీ గొట్టం.
దాన్ని చూసుకుంట పోతే
అది దగ్గరికి రాదు, దూరం పోదు.
చాయ్ పది. అరటిపండ్లు ఇరవై.
మడిమె బొబ్బకు పట్టీ ఐదు,
అది అద్దగంటల ఊడింది.

రెండో రాత్రి మిరప కల్లంల.
పొద్దు మునిగినంక గూడ
అక్కడ నేల మీద ఇంక మునగలే.
బస్తర్ దిక్కు నుంచి కాయ ఏర వచ్చినోళ్లు,
నాలుగు రోజుల నడక,
చంకల పిల్ల, నెత్తిన గిన్నెల మూట,
గిన్నెల మీద కాళ్లు కట్టిన కోడి.
నా బ్యాగు ఒకసారి ఎత్తి చూసి, దించి,
సోమ్డి అనే ఆమె వాళ్ల మాటల ఏందో అడిగింది.
అందరు నవ్విన్రు.
ముఠా పెద్ద నర్సక్క తెలుగుల చెప్పింది:
"నడిస్తే నీకు రోజుకెంత ఇస్తరు, అంటాంది."

దుప్పటి ముసుగు పెట్టిన.
ఘాటుకు దగ్గు, దగ్గుకు నీళ్లు.
అవతలి గడ్డ మీద ఒక్కటే దీపం,
చేపలోడిదో, తొవ్వ తప్పినోడిదో.
సముద్రమైతే ఇప్పుడు
ఏదో ఒకటి అంటుండె.
నది ఏమీ అనలే.

తెల్లారి కాంటా పెట్టిన్రు.
రాసే పిలగాడు రాలే.
"నీకు రాతొస్తదా?" అన్నది నర్సక్క.
నా ఖర్చుల పుస్తకం బోర్లించి
కడాఖరి పేజీల మొదలు పెట్టిన:
సోమ్డి ముప్పై రెండు కిలోలు.
ఉంగా ఇరవై తొమ్మిది.
పేరు చెప్పని ముసలామె పదిహేడు.
ముల్లు జరంత ఊగింది,
పదిహేడుంబావు అని దిద్దిన.
పేజీ చింపి ఇస్తే
నర్సక్క కొంగు ముడి విప్పి
పది నోటు చేతుల పెట్టింది.
వద్దంటే,
"రాత ఊరికె వస్తదా," అన్నది.

మంగపేట బస్టాండ్ల బూట్లు దులిపితే
ఇంత గోదారి రాలింది.
నూట యాభై ఒడిసిపోయింది.
పిన్నీసు తీసి నూట తొంభై ఇచ్చిన.
టికెట్ రెండు వందలట, రేటు పెరిగిందట.
పది నోటు తీసి పైన పెట్టిన.

కండక్టర్ ముక్కు కాడికి తెచ్చి లెక్కబెట్టి
గట్టిగ తుమ్మిండు.