రెండో కిటికీ

ఆలుగడ్డలు తవ్వే మూడు వారాలూ
మా అరూస్టుక్‌లో హైస్కూలు మూసేస్తారు.
కాలేజీ మూయరు.
సెలవులు రాసేవాళ్ళు ఇద్దరూ
ఒకరి కాగితం ఒకరు చూసుకోరు.
మధ్యలో పదహారేళ్ళ పిల్లలుంటారు,
రెండు హాజరుపట్టీల్లోనూ పేరున్నవాళ్ళు.

నేను ఫీజుల గదిలో రెండో కిటికీ.
ఒకటో కిటికీ మూతపడి ఆరేళ్ళు.
అయినా నన్ను రెండోదనే అంటారు.

అక్టోబరు మొదటి శుక్రవారం
మూడూముప్పావుకి మిరాబెల్ సీర్ వచ్చింది.
రబ్బరు బూట్లు. జుట్టు నిండా దుమ్ము.
పొద్దుటినుంచీ యంత్రం మీద నిలబడి
గడ్డల్లోంచి రాళ్ళేరిన చేతులు
ఇంకా అటూఇటూ కదులుతున్నాయి, వాటంతటవే.

ఆమె తెచ్చిన ఉత్తరంలో
"ఉచితం" అన్న మాట కింద
ఎవరో రెండు గీతలు గట్టిగా గీశారు.
అబద్ధం కాదు. చదువు ఉచితమే.
ల్యాబుకి నలభై అయిదు.
కళ్ళద్దాలకి పద్నాలుగు.
కెమిస్ట్రీ పుస్తకం అన్నది ఉంది,
అట్ట ఊడింది గాని అక్షరాలు ఊడలేదు.
కాని హోంవర్కు తెరిచే కోడ్ ఒకటుంటుంది,
అన్న ఎప్పుడో గీకి వాడేశాడు,
ఒకసారి గీకితే మళ్ళీ పుట్టదు.
కొత్తది నూట పద్దెనిమిది.
ఆవును ఊరికే ఇచ్చి
పలుపుతాడుకు వెల కట్టినట్టు.

నూట ముప్పై ఒకటి లెక్కపెట్టి పెట్టింది.
మళ్ళీ లెక్కపెట్టింది.
డబ్బు రెండోసారికి పెరగదని
ఈ కిటికీ దగ్గర ఎవరూ ఒకేసారి నమ్మరు.

"మానేస్తే?" అంది.
ఇవాళ మానేస్తే బాకీ లేదు, మచ్చా లేదు.
సోమవారం మానేస్తే రెండూ ఉంటాయి.
ఇది చెప్పడం నా ఉద్యోగం.
ఎలా చెప్పాలో ఎవరూ నేర్పలేదు.

గోడవారన హీటరు మీద కూర్చుని
ఉత్తరం వెనక ఏవో కూడికలు వేసింది.
మధ్యమధ్య కిటికీలోంచి ఆకాశం చూసింది.
వాన పడితే తవ్వకం ఉండదు,
తవ్వకం లేకపోతే కూలి ఉండదు.
ఆ లెక్కలో వాన ఎక్కడ వేయాలో
ఆమెకి తోచినట్టు లేదు.

ఆ వయసులో నేనూ ఏరాను, యంత్రం లేకుండా,
పీపాకింత అని, పీపా మీద నా నంబరు చీటీ: యాభై ఎనిమిది.
ఆ డబ్బు చలికోటు అయ్యేది.
అంతకు మించి దేనికైనా సరిపోతుందని
నన్నెవరూ ఊరించలేదు, బెదిరించనూ లేదు.

లేచి వచ్చింది. "ప్యాకింగ్ షెడ్డులో వాడే
కళ్ళద్దాలున్నాయి. పనికిరావా?"
రూలు తీసి చదివాను.
కళ్ళు కప్పాలి అని ఉంది,
ఎవరి అద్దాలతో అని లేదు.
పద్నాలుగు కొట్టేశాను. నా పెన్నుకు ఎంత సంతోషమో.

మిగిలింది ముప్పై రెండు. వాయిదాకి తండ్రి సంతకం కావాలి.
బాకీ ఎంతో మాత్రం తండ్రికి నేను చెప్పకూడదు.
రెండూ రూళ్ళే, ఒకే పేజీలో.

మూడూ యాభై ఎనిమిదికి లారీ ఆగింది.
ఇంజను ఆపకుండానే దిగొచ్చాడు,
ఆపితే మళ్ళీ అంటుకోదేమో.
"ఎంతుంది?" అన్నాడు నాతో.
నేను పిల్లకేసి చూశాను.
పిల్ల నాకేసి చూసింది,
తర్వాత నేలకేసి చెప్పింది: "ముప్పై రెండు."
ఆయన తలూపి సంతకం పెట్టాడు,
కాగితం చదవలేదు,
ఆకాశం చూశాడు.

నాలుగూ పదికి సొరుగు సర్దుతుంటే
నోట్ల మడతల్లోంచి సన్నగా మట్టి రాలింది.
బ్యాంకుకు పంపేముందు దులపాలా
అని కాసేపు ఆలోచించాను.
అలాగే కట్ట కట్టాను.