పేజీ లేదు

ఆదివారం పొద్దుట పూర్ణా మార్కెట్ వెనక సందులో
టీ గ్లాసులు పట్టుకుని దెబ్బలాడుకుంటాం,
ఊళ్ళో మంచి పుస్తకాల కొట్టు ఏదని.

ఆసీల్‌మెట్ట మెట్ల కింది తోపుడుబండి అంటుంది
లెక్కల టీచరు హఫీజున్నిసా.
అక్కడ బేరమాడితే ధర పెరుగుతుందట,
కావలసిన పుస్తకం దొరికిన మొహాన్ని
ఆ కుర్రాడు దూరం నించే పట్టేస్తాడట.
అల్లిపురంలో కుట్టుమిషన్ల రిపేరు కొట్టంటాడు కన్నబాబు.
సగం అలమర సూదులు, సగం నవలలు,
చదివి తిరిగిచ్చేస్తే సగం డబ్బు వాపసు.
ఆటో గనిరాజు ఏదీ ఒప్పుకోడు.
"ఫ్యాను కింద కుర్చీ ఏసినోడిదే మంచి కొట్టు, ఏటంటావు?"

నాది బుగత సత్యానందం కొట్టు,
పాత పోస్టాఫీసు దగ్గర. ఫ్యాను లేదు.
బోర్డూ లేదు, తుఫాను పట్టుకుపోయింది.
"బోర్డు చూసి వొచ్చినోడు పుస్తకం కొంతాడేటి?"
ఆ ఏడు తడిసినవన్నీ మేడ మీద తాళ్ళకి ఆరేశాడు,
లుంగీల మధ్య, రెండు వారాలు.
ఇప్పటికీ అక్కడ కొన్నది తెరిస్తే
అట్ట లోపల ఒక తెల్లటి ఉప్పు గీత,
గాలివాన ఎంతదాకా చదివి ఆపిందో గుర్తు.
చరిత్ర పుస్తకాలు కింది అరలోనే పెడతాడు.
పైన పెడితే రాజులంతా మన నెత్తినే పడతారట.

నేను పోర్టులో టాలీ క్లర్కుని.
ముప్పైయొక్క ఏళ్ళు ఓడల పక్కన నిలబడి గీతలు గీశాను,
నాలుగు నిలువు, ఒకటి అడ్డం.
ఏ ఓడ ఎప్పుడు లంగరేసింది, ఎన్ని టన్నులు మోసుకుపోయింది,
నిద్రలో లేపి అడిగినా చెబుతాను.
అందుకే చరిత్ర పుస్తకాలు నాకు చుట్టాలు.
అవీ నాలాగే రాస్తాయి:
సంవత్సరం, సరుకు, పైవాడి సంతకం.

మొన్న శనివారం గొంతుక్కూచుని ఒకటి లాగాను.
ఈ తీరం చరిత్ర. ఆరువందల పేజీలు,
అట్ట లేదు, రాసినాయన పేరూ లేదు. నూట ఇరవై.
నాకో పాడలవాటు, వెనకనించి మొదలెడతాను.
ఎవరెవరొచ్చారో చూసుకుని లోపలికి వెళ్ళడం,
పెళ్ళి భోజనాలకి వెళ్ళినట్టు.

ఆ పేర్ల పట్టికలో, అచ్చు వరసల సందుల్లో,
పెన్సిలుతో, గుండ్రటి దస్తూరితో
ఎవరో ఇంకొన్ని పేర్లు ఇరికించారు,
అకారాది తప్పకుండా:

ఎర్నమ్మ, చేపల గంప, జాలారిపేట. పేజీ లేదు.
కాశులు, లైట్‌హౌసుకి సున్నం కొట్టినవాడు. పేజీ లేదు.
దాలమ్మ, ఊరు హార్బరు కింద. పేజీ లేదు.
బడే పోలారావు, కలాసీ, మూడో నంబరు హోల్డు. పేజీ లేదు.

నా వేలు అక్కడే ఆగింది.
ఆ రోజు డ్యూటీ నాది.
ఖనిజం ఓడ. మధ్యాహ్నం రెండున్నర. తాడు తెగింది.
పైకి తీసుకొచ్చాక అతని చెప్పు ఒకటే ఉంది.
నేను రాసిన వాక్యం నాకు గుర్తే:
"వర్షం వల్ల అంతరాయం, ముప్పై నిమిషాలు."
రాయమన్నారు, రాశాను.

"ఏటలా అయిపోనావు? రేటెక్కువైతే వందియ్యి"
అన్నాడు సత్యానందం.
ఎవరి రాత ఇది?
"ఎవులో నర్సింగు చదివే పిల్ల. నిలబడే చదివీసేది.
కొనీది కాదు. పెన్సిలు కూడా నాదే."

ఆ పెన్సిలే అడిగాను.
ఓడరేవు అధ్యాయంలో, ఆ ఏటి టన్నుల పక్కన, మార్జిన్‌లో
"ఆ రోజు వాన లేదు" అని రాశాను.
ఇంకేమైనా రాయాలేమో, తోచలేదు.
వెనక్కొచ్చి పోలారావు ఎదురుగా
"లేదు" కొట్టేసి నాలుగువందల పన్నెండు వేశాను.

నూట ఇరవై ఇచ్చి
పుస్తకం మళ్ళీ కింది అరలోనే పెట్టాను,
ఆ పిల్ల వస్తే కనబడేలా, కొంచెం బయటికి.

ఇదంతా టీ దగ్గర చెప్పలేదు.
ఎర్నమ్మకి, కాశులుకి, దాలమ్మకి
ఇవ్వడానికి నా దగ్గర అంకె లేదు.
హఫీజున్నిసా తోపుడుబండి గురించి
ఇంకా చెబుతూనే ఉంది.