తొమ్మిది కుట్లు

మిర్చి యార్డు నుంచి వచ్చి
గడప బయటే చొక్కా విప్పేస్తాను.
మూడుసార్లు సబ్బు, గోళ్ల సందుల్లో కూడా.
ఘాటు వదిలిందో లేదో
ముందు నా కంట్లోనే వేలు పెట్టి చూసుకుంటాను.
అప్పుడు గానీ బొగ్గు మోకాలి దగ్గరికి పోను.

మెడచుట్టూ ప్లాస్టిక్ గరాటు,
గుమ్మానికీ మంచం కోడుకీ కొట్టుకుంటుంది.
నాకితే మానుతుందని దాని నమ్మకం.
చీము పడుతుందని డాక్టరమ్మ.
మధ్యలో నేను, నిద్ర లేకుండా.

ఎర్రబడిందా, వేడిగా ఉందా,
కుట్లు తొమ్మిదీ ఉన్నాయా.
పెరుగన్నంలో మాత్ర దాచి పెడితే
అన్నం తిని మాత్ర ఊసింది, దొంగది.

ఇప్పుడు వాన. దాన్ని బయటికి తీసుకెళ్లాలి.
నల్లచెరువు మూడో లైనులో
గొడుగు వంచి దాని కాలికి పట్టాను.
అరుగు మీంచి సాంబ్రాజ్యం నవ్వింది:
“నువ్వు తడుస్తున్నావయ్యా!”

తడిస్తే ఏం,
నాకు కుట్లు లేవుగా.